ఊళ్ళో జవానుకు స్మారకం కట్టాలంటే: రాయి కన్నా ముందు చేయాల్సిన పనులు

తమ్ముడూ,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీతో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు రెండేళ్ళ కిందట సరిహద్దులో వీరమరణం పొందాడు. ఇప్పుడు యూత్ వాళ్ళు సెంటర్‌లో విగ్రహం పెడదామంటున్నారు, చందాలు కూడా మొదలయ్యాయి. ఎక్కడ పెట్టాలి, ఎవరి అనుమతి కావాలి, రాతి మీద ఏం రాయాలి అని అడిగావు. 71 యుద్ధంలో పోయినాయన ఒకరు, అంతకు ముందెప్పుడో బర్మా వెళ్ళి తిరిగిరాని తాత ఒకరు ఉన్నారట, వాళ్ళ పేర్లు కూడా ఎక్కించొచ్చా అన్నావు. చివర్లో ఒక్క వాక్యం రాశావు: వాళ్ళమ్మ ఎదురైతే ఏం మాట్లాడాలో తెలియక సందు మార్చి వెళ్ళిపోతున్నానని. నాకు మిగతా అన్నిటికన్నా ఆ వాక్యమే పెద్దగా కనపడింది. దాంతోనే మొదలుపెడతాను.

నేను సైన్యంలో ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌లో ఇరవై నాలుగేళ్ళు చేసి సుబేదార్‌గా ఇంటికొచ్చాను. వచ్చాక చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో జవాన్ల స్మారకాల పనిలో చెయ్యి వేశాను. రెండు బాగా వచ్చాయి. ఒకటి ఇప్పుడు చూడలేని స్థితిలో ఉంది. ఇంకోదాంట్లో తప్పు నాదే, అదీ చెబుతాను.

ముందు ఆ అమ్మ సంగతి. సందు మార్చి వెళ్ళకు. నువ్వు తప్పుకుపోవడం ఆమె చూసే ఉంటుంది. కొడుకు పోయిన మొదటి పదిరోజులూ ఆ ఇంటి ముందు కార్లు ఆపడానికి చోటుండదు. అధికారులు వస్తారు, నాయకులు వస్తారు, టీవీ వాళ్ళు వస్తారు. పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి గడప తొక్కేవాళ్ళుండరు. పట్టనితనం కాదు అది, నీలాగే అందరికీ నోట మాట రాక. ఊరంతా అలా మొహమాటపడితే ఆ ఇల్లు ఒంటరిదైపోతుంది.

వెళ్ళినప్పుడు 'మీ త్యాగం గొప్పది' లాంటివి వద్దు. ఆ మాటలు ఆమె మైకుల్లో చాలా విన్నది. నువ్వు వాడి పేరు పలుకు. ఆమెకు తెలియని సంగతి ఒకటి చెప్పు. ఇద్దరూ ఇంట్లో చెప్పకుండా చెరువులో ఈత నేర్చుకోవడమో, పరీక్షలో నీకు చూపించి వాడు దెబ్బలు తినడమో, సెలక్షన్ల కోసం తెల్లారగట్ల నాలుగింటికి నిన్ను కూడా రోడ్డు మీద పరిగెత్తించడమో. కొడుకు గురించి కొత్త సంగతి ఒకటి వినడం ఆ తల్లులకు ఎంత అపురూపమో నేను చాలా ఇళ్ళలో చూశాను. వాడు ఇకమీదట కొత్తగా ఏమీ చేయడు కదా. పాతవాటిలోనే ఆమె ఎరగనివి ఎవరైనా తెచ్చి ఇవ్వాలి. ఏడుస్తుంది. ఏడవనీ. 'ఊరుకోండమ్మా' అనకు. కాసేపు కూర్చుని, ఇచ్చిన టీ తాగి రా.

నీ ఫోన్లో వాడి వాయిస్ మెసేజీలు ఉన్నాయా? ఉంటే ఇవాళే ఇంకో రెండు చోట్ల కాపీ చేసి పెట్టు. ఒక ఇంట్లో తమ్ముడి ఫోన్ బస్సులో పోయింది, దాంతో పాటు అన్న గొంతూ పోయింది. వాటిని ఎక్కడా పోస్ట్ చేయకు, స్టేటస్‌లు పెట్టకు. వాళ్ళమ్మ అడిగిన రోజున వినిపించు, అడగకపోతే అలాగే ఉంచు. కార్గిల్‌లో అమరుడైన మన హైదరాబాదు మేజర్ పద్మపాణి ఆచార్య యుద్ధరంగం నుంచి తండ్రికి రాసిన ఉత్తరాన్ని ఇన్నేళ్ళ తర్వాత కూడా జనం చదువుతున్నారంటే, ఆ ఇంట్లో దాన్ని దాచి ఉంచారు కాబట్టే. ఇప్పటి పిల్లలు ఉత్తరాలు రాయరు. వాళ్ళ ఉత్తరాలన్నీ ఫోన్లలోనే ఉన్నాయి.

పెన్షన్ కాగితాలున్నాయి. రక్షణశాఖ పెన్షన్లు చూసే స్పర్శ్ పోర్టల్లో ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ ఓటీపీలు, వేలిముద్రలు ఆ వయసు వాళ్ళకు ఎంత నరకమో నీకు తెలుసు. ఆ రోజు బండి మీద తీసుకెళ్ళి పని చేయించి తీసుకురా. పూలమాల వేయడం కన్నా దీన్నే నేను ముందు లెక్కేస్తాను.

ఇక నా తప్పు. ఒక ఊళ్ళో రాతి మీద వివరాలు ఎక్కించే బాధ్యత నాకు అప్పగించారు. ఇంటికెళితే వసారాలో గోడవారగా నల్ల ట్రంకు పెట్టె ఉంది, యూనిట్ నుంచి ఆ జవాను సామాన్లతో వచ్చింది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, సిపాయి అని ర్యాంకు, పేరు, యూనిట్. వాళ్ళ నాన్న తాళం తీసి చూపించాడు. ఉన్ని బనియన్లు, సగం వాడిన బూట్ పాలిష్ డబ్బా, కొబ్బరినూనె సీసా, చెల్లెలి పెళ్ళికని క్యాంటీన్లో కొన్న కుక్కరు, అట్టపెట్టె కూడా విప్పలేదు. నేను మూత మీద ఉన్నది ఉన్నట్టు కాగితం మీద ఎక్కించుకుని రాయి చెక్కేవాళ్ళకు ఇచ్చాను. ఆవిష్కరణ రోజున గుడ్డ తీశారు. అందరూ చప్పట్లు కొడుతుంటే వాడి భార్య నా పక్కకు వచ్చి నెమ్మదిగా అంది, "అన్నయ్యా, ఆయన నాయక్ అయ్యారు. రెండో పట్టీ వచ్చిన రోజు రాత్రి ఫోన్ చేసి చెప్పారు."

ఆ ట్రంకుకు పెయింటు వేసింది వాడు చేరిన కొత్తలో. తర్వాత ఎవరూ మార్చలేదు. అన్నేళ్ళు ఆర్మీలో ఉన్నవాణ్ణి, ట్రంకు మీద రాత పాతబడి ఉండొచ్చని నాకు తట్టాలి. మనిషి మంచులోనూ ఎండలోనూ నిలబడి సంపాదించుకున్న, చేతి మీది రెండు ర్యాంకు పట్టీలను నేను అజాగ్రత్తతో ఊడబెరికినట్టయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారంలో నా డబ్బుతో కొత్త రాయి చెక్కించాను. పాతదాన్ని పగలగొడదామంటే వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. సిపాయిగా ఉన్నప్పుడూ వాడు నా కొడుకే కదా అని ట్రాక్టరు మీద ఇంటికి తీసుకుపోయి పెరట్లో మల్లెపొద పక్కన నిలబెట్టుకున్నాడు.

అందుకని చెబుతున్నాను, ట్రంకును, ఫ్లెక్సీని, పేపర్ వార్తను నమ్మి రాయి చెక్కించకు. వాడి రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసు నుంచి నంబరు, ర్యాంకు, పూర్తి పేరు, యూనిట్, తేదీ, చోటు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. దరఖాస్తు కుటుంబం పేరు మీదే వెళ్ళాలి. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దారి చూపిస్తారు. ర్యాంకు మాటలు కూడా అన్నిచోట్లా ఒకటి కావు. కాల్బలంలో సిపాయి అంటే మా సాపర్స్‌లో సాపర్, ఆర్టిలరీలో గన్నర్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్, ఆయుధాలు, బండ్లు బాగుచేసే ఈఎంఈలో క్రాఫ్ట్స్‌మన్, ట్యాంకుల రెజిమెంట్లలో సవార్. గన్నర్‌ని సిపాయి అని రాస్తే మీ ఊళ్ళో ఎవరికీ తేడా తెలియకపోవచ్చు. కానీ వాడి యూనిట్ నుంచి ఎప్పుడో ఒకరోజు ఒక మనిషి దండం పెట్టుకోవడానికి వస్తాడు. తప్పకుండా వస్తాడు. అతనికి తెలుస్తుంది.

పేరు దగ్గర నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక తెల్లదొరలు మన దేశంలో చాలా ఊళ్ళలో చిన్న చిన్న రాతిపలకలు పెట్టించారు. ఈ గ్రామం నుంచి 1914–1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు, అంతే. అంకెలు తప్ప ఒక్క పేరు ఉండదు. ఆ అంకెలో తన తాత ఉన్నాడో లేడో తెలియని మనవళ్ళు ఎంతమందో. విదేశాల్లో జరిగింది కూడా అలాంటిదే. యుద్ధాల్లో పోయిన బ్రిటిష్ సామ్రాజ్యపు సైనికుల సమాధులు చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళు తమ వాళ్ళకు ఒక్కొక్కరికీ పేరుతో రాయి పెట్టి, భారతీయులనూ ఆఫ్రికన్లనూ చాలాచోట్ల లెక్కల్లో కలిపేశారు. నూరేళ్ళ తర్వాత, 2021 ఏప్రిల్లో, వాళ్ళే విచారణ జరిపించుకుని తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. ఢిల్లీ ఇండియా గేటు 1931లో తెరిచారు, దాని మీద పదమూడు వేలకు పైగా పేర్లున్నాయి గానీ, నిలబడి తల ఎంత ఎత్తినా నీక్కావలసిన పేరు కనపడదు. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగ చక్రం అలా కాదు. గుండ్రంగా తిరిగే గోడల్లో ఒక్కో గ్రానైట్ ఇటుక మీద ఒక్క మనిషి పేరు. ప్రారంభం నాటికే 25,942 పేర్లు. రోజూ సాయంత్రం ఒక అమరుడి ఇంటివాళ్ళ చేత పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. నేను వెళ్ళిన రోజు ఎవరో పెద్దాయన తువ్వాలు కొసతో ఒక ఇటుకను తుడిచి, దాని మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఏ భాషవాడో తెలియదు. మీ ఊళ్ళో కట్టేదాంట్లో కూడా పేరు చేతికి అందేంత ఎత్తులో ఉండేట్టు చూడు. ఎనిమిదడుగుల దిమ్మ మీద ఎక్కించేస్తే ఆ అమ్మ దాన్ని ముట్టుకోలేదు.

స్థలం విషయానికొస్తే, సెంటర్‌లో పెడతామంటే నేను ఆపుతాను. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది: రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలు పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదని. ఊళ్ళల్లో ఎవరు పట్టించుకుంటారు అంటావు. రోడ్డు వెడల్పు చేసే రోజు వస్తుంది కదా. అప్పుడు జవాను విగ్రహాన్ని క్రేన్‌తో లేపి పంచాయతీ ఆఫీసు వెనక పడుకోబెడతారు. నేను చెప్పిన చూడలేని స్మారకం అదే. బోర్లా పడేసి, మీద టార్పాలిన్ కప్పారు. సూర్యాపేటలో కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం చౌరస్తాలో లేదా అని మీవాళ్ళు అడుగుతారు. చైనా సరిహద్దులోని గల్వాన్‌లో ఆయన 2020 జూన్ 15న అమరుడయ్యాక, సరిగ్గా ఏడాదికి ప్రభుత్వం వైపు నుంచి జరిగిన పని అది. ఊళ్ళో యూత్ సంఘం చందాలతో పెట్టేది వేరు.

నన్నడిగితే ఊరి బడి ఆవరణను మించిన చోటు లేదు. వాడు చదివిన బడి అయితే మరీ మంచిది. ప్రహరీ ఉంటుంది, నీళ్ళుంటాయి, రోజూ పిల్లలుంటారు. విద్యాశాఖ అనుమతి రాతలో తీసుకోవాలి, పంచాయతీ తీర్మానం చేయించి కాపీ దగ్గర పెట్టుకోవాలి. 2023 ఆగస్టులో మేరీ మాటీ మేరా దేశ్ కార్యక్రమం కింద పంచాయతీల్లో శిలాఫలకాలు పెట్టించారు, మీ ఊళ్ళో కూడా ఉందేమో చూడు. ఉంటే దాని పక్కనే పెట్టొచ్చు, కొత్త చోటు వెతకక్కర్లేదు.

ఇంకో మాట కాస్త కటువుగానే చెప్పాలి. ఏ వీధిలో పెడతారన్నది చాలా ఊళ్ళలో కులం నిర్ణయిస్తోంది. మావాడు అని ఒక పేట వాళ్ళు తమ వీధి మొదట్లో పెట్టుకుంటారు, మిగతా వీధుల వాళ్ళు అటు రారు. వాడు సరిహద్దులో నిలబడింది ఒక్క వీధి కోసం కాదు. మాకు దగ్గర్లో పల్నాడు కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరారాధన జరుగుతుంది. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధంలో పడ్డ వీరుల్ని ఇవాళ్టికీ తలుచుకుంటున్నారు. ఎక్కడెక్కడి నుంచో ఆ వీరుల్ని కొలిచే వీరాచారం ఉన్న కుటుంబాల వాళ్ళు ఆయుధాలు పట్టుకుని నాగులేరు ఒడ్డుకు వస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, ఇలా రోజుకో ఘట్టం. మందపోరు నాడు చాపకూడు పెడతారు, బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించినదానికి గుర్తుగా. మాల కులంలో పుట్టిన సేనాని కన్నమదాసునీ, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుణ్ణీ కలిపే తలుచుకుంటారు. ఎనిమిది వందల ఏళ్ళు పైబడి అది నిలబడిందంటే విగ్రహాల వల్ల కాదు, ఏడాదికోసారి అందరూ కలిసి కూర్చుని తినడం వల్లనే అని నా నమ్మకం. మీ ఊళ్ళో కూడా ఆ రోజు మధ్యాహ్నం బడిలో అందరికీ ఒకే పంక్తిలో భోజనం పెట్టండి. పప్పు, సాంబారు, వాడికి ఇష్టమైన కూర ఒకటి.

విగ్రహమా, రాయా అన్నది కుటుంబాన్ని అడగండి. తేల్చాల్సింది వాళ్ళే. కొందరు తల్లులకు రోజూ ఆ బొమ్మ దాటి వెళ్ళాలంటే గుండె చెరువవుతుంది. ముస్లిం కుటుంబాల్లో విగ్రహం వద్దనేవాళ్ళున్నారు. నాకు తెలిసిన ఒక తండ్రి బొమ్మకు పెట్టే డబ్బుతో బడికి మంచినీళ్ళ ప్లాంటు పెట్టండి, మా వాడు దాహంతో ఇంటికి పరిగెత్తుకొచ్చేవాడు అన్నాడు. అలాగే చేశారు. ప్లాంటు మీద పేరు రాయించారు. నాకు ఎంతో నచ్చిన స్మారకం అదే.

విగ్రహమే అనుకుంటే, ఫైబర్ చౌక గానీ ఎండకు త్వరగా రంగు పోతుంది, పగుళ్ళిస్తుంది. కంచుకు డబ్బు చాలా ఎక్కువవుతుంది. శిల్పికి ఎదురుగా తీసిన ఫోటో ఒక్కటే ఇవ్వకు, రెండు పక్కల నుంచీ ఉన్నవి వెతుకు, పెళ్ళి ఆల్బమ్‌లో దొరుకుతాయి. ఫోటోషాప్‌లో ఎవరి యూనిఫామ్‌కో వాడి తల అంటించిన ఫ్లెక్సీ ఫోటో అసలు ఇవ్వకు. పారాచూట్ దళం వాళ్ళ టోపీ మెరూన్, ట్యాంకుల వాళ్ళది నలుపు, ఎవరి బ్యాడ్జి వాళ్ళది. మట్టి నమూనా దశలోనే అదే రెజిమెంటులో చేసిన మాజీ సైనికుణ్ణి ఒకణ్ణి తీసుకెళ్ళి చూపించు. పోత పోశాక దిద్దలేరు.

డబ్బు తక్కువైతే మంచి నల్ల గ్రానైటు పలక ఒక్కటి చాలు. చీమకుర్తి గెలాక్సీ రాయి అందంగా ఉంటుందని అందరూ అదే అంటారు. దాంట్లో బంగారు చుక్కలుంటాయి, చిన్న అక్షరాలు వాటిలో కలిసిపోయి చదవడానికి రావు. చుక్కల్లేని నలుపు తీసుకో. మన తెలుగు అక్షరాలకు ఇంకో ఇబ్బంది ఉంది: వత్తులు. అక్షరం చిన్నదైతే కింది వత్తులో పెయింటు నిండిపోయి ముద్దలా కనపడుతుంది. 'లక్ష్మయ్య' అన్న పేరు పెద్ద సైజులో తెల్లకాగితం మీద ప్రింటు తీసి, పది అడుగుల దూరం నుంచి చదివి చూడు. వాడి ఇంటిపేరు పూర్తిగా రాయించు. ఆర్మీ కాగితాల్లో ఇంగ్లీషు పొడి అక్షరం మాత్రమే ఉండొచ్చు, ఊళ్ళో మాత్రం ఇంటిపేరు లేకుండా మనిషి పూర్తి కాడు. రాయి చెక్కేముందు ఆ కాగితం మీద వాళ్ళమ్మ, నాన్న, భార్య ముగ్గురి చేతా సంతకం పెట్టించుకో. నా అనుభవం నేర్పిన జాగ్రత్త ఇది.

ఏం రాయాలంటే, తక్కువ రాయండి. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, పుట్టిన తేదీ, వీరమరణం పొందిన తేదీ, చోటు, తల్లిదండ్రుల పేర్లు, భార్య పేరు. కింద ఊరి పేరు. అంతే. కవిత్వం వద్దు. ఇంగ్లీషులో వాడే 'మార్టిర్' అన్న మాట మన సైన్యం కాగితాల్లో ఉండదు, అక్కడ యుద్ధంలో పోతే 'బ్యాటిల్ క్యాజువాల్టీ', ప్రమాదాల్లో, జబ్బుతో పోతే 'ఫిజికల్ క్యాజువాల్టీ' అని రెండు రకాలు. ఆ తేడా పరిహారాల లెక్కకు. మీ రాయికి అక్కర్లేదు. డ్యూటీలో బండి లోయలో పడి పోయినవాడి తల్లి ముందు మీవాడిది యుద్ధం కాదు కదా అన్నవాణ్ణి నేను చూశాను. అలాంటి మాట మీ ఊళ్ళో రానివ్వకు.

దాతల పేర్లు రాతి మీద వద్దు. సర్పంచి, ఎమ్మెల్యే, చందా ఇచ్చిన అపార్ట్‌మెంట్ బిల్డరు, ఎవరివీ వద్దు. ఒక ఊళ్ళో చూశాను, జవాను పేరు ఒక వరుస, ఆవిష్కరించిన వాళ్ళ పేర్లు పదకొండు వరుసలు, అదీ పెద్ద అక్షరాల్లో. దాతలకు ఒక నోట్‌బుక్ పెట్టి, లెక్కలు రాసి, అందరికీ చూపించండి. ఒక్క రూపాయి లెక్క తప్పినా ఆ మచ్చ వాడి పేరుకే అంటుకుంటుంది.

ఆవిష్కరణ రోజున జాతీయజెండాను విగ్రహం మీద కప్పకండి. చాలామంది గౌరవం అనుకుని చేసే తప్పు ఇది. ఫ్లాగ్ కోడ్ ప్రకారం ఆవిష్కరణల్లో జెండాను విడిగా, హుందాగా ఎగరేయాలి. ముసుగుకు మామూలు గుడ్డ వాడాలి. సైనిక లాంఛనాల్లో శవపేటిక మీద కాషాయం తల వైపు వచ్చేట్టు కప్పే జెండా వేరు, దాన్ని కూడా చితి మీదకో గోతిలోకో పోనివ్వరు, మడిచి ఇంటివాళ్ళ చేతిలో పెడతారు. ఆ జెండా వాళ్ళింట్లో ఉంటుంది. ప్రదర్శనకు ఇమ్మని అడగకు.

వాడి భార్యకూ అత్తమామలకూ మధ్య మాటల్లేవేమో ముందే కనుక్కో. డబ్బు వచ్చిన ఇంట్లో పరిహారం పంపకాల దగ్గర మనసులు విరగడం నేను చాలాచోట్ల చూశాను. మీరు ఎవరి పక్షానా నిలబడొద్దు. ఇద్దరినీ విడివిడిగా వెళ్ళి పిలవండి, ముందు వరుసలో ఇద్దరికీ కుర్చీలు వేయండి, ముసుగు తాడు ఒక కొస తల్లి చేతికి, ఇంకో కొస భార్య చేతికి ఇవ్వండి. ఆ అమ్మాయి రేపు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఊరు నోరు పారేసుకోకూడదు. రాతి మీద ఆమె పేరు అలాగే ఉంటుంది, ఏటా పిలుపూ వెళుతుంది. ఇది కమిటీలో మొదటిరోజే అనుకోండి.

ఇక ఏటేటా చేసే పని. మొదటి ఏడాది బ్యాండుమేళం ఉంటుంది. రెండో ఏడాది మైకు ఉంటుంది. మూడో ఏడాదికి ఎండిపోయిన పాత దండ ఒక్కటే ఉంటుంది. అందుకే మొదటి ఏడాదే చిన్నగా మొదలుపెట్టండి, తగ్గించుకోవాల్సిన అవసరం రాదు. ఊరి కార్యక్రమం తేదీ ప్రకారం జరుగుతుంది, ఇంట్లో ఆబ్దికం తిథి ప్రకారం పెడతారు. రెండూ కొన్ని రోజులు అటూ ఇటూ అవుతాయి. ఇంట్లో తద్దినం ఉన్న రోజున మీరు డప్పులతో వెళ్ళకూడదు, ఆ ఏడు తిథి ఎప్పుడొచ్చిందో ముందు అడగండి. క్రైస్తవ కుటుంబమైతే నవంబరు 2న సమాధుల పండగకు వాళ్ళతో పాటు వెళ్ళి సున్నం వేయడంలో సాయం చేయండి. జులై 26న కార్గిల్ విజయ్ దివస్, డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం, డిసెంబరు 16న విజయ్ దివస్ ఉన్నాయి. అన్నీ చేయాలని పెట్టుకోవద్దు. వాడి రోజు, ఇంకొకటి, చాలు.

మా దగ్గర పని చేసిన పద్ధతి చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలు ముందురోజు సాయంత్రం బకెట్టు నీళ్ళు, కొబ్బరి పీచు తెచ్చి రాయి కడుగుతారు. మర్నాడు ప్రార్థన సమయంలో రెండు నిమిషాలు మౌనం. తర్వాత ఒక విద్యార్థి ఒక పేజీ చదువుతాడు. ఆ పేజీ ప్రతి ఏడూ కొత్తది. వాడితో కబడ్డీ ఆడినవాళ్ళ దగ్గరికో, లెక్కల మాస్టారి దగ్గరికో, యూనిట్ స్నేహితుడి ఫోన్‌కో పిల్లలే వెళ్ళి అడిగి రాసుకొస్తారు. ఎలా పోయాడన్నది రెండు వాక్యాలు, ఎలా బతికాడన్నది మిగతా పేజీ అంతా. ఇప్పటికి ఏడు పేజీలయ్యాయి. ఒక ఏడాది రాసిన అమ్మాయి వాడికి పాములంటే చచ్చేంత భయమని కనుక్కొచ్చింది. చదువుతుంటే వాళ్ళమ్మ నవ్వింది. అన్నేళ్ళలో ఆమె నవ్వడం మేం చూడటం అదే మొదలు.

చివరిగా మీ ఊరి పాతవాళ్ళు. వాళ్ళ పేర్లు తప్పకుండా ఎక్కించండి. వేరే రాయి కాదు, అదే రాతి మీద, చనిపోయిన సంవత్సరాల క్రమంలో. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యి మందికి పైగా వెళ్ళారని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు, తరం తర్వాత తరం వాళ్ళను తలుచుకుంటూనే ఉన్నారు. మీ ఊళ్ళో ముగ్గురే అయినా పద్ధతి అదే.

71లో పోయినాయన పేరు త్యాగ చక్రంలో ఉండాలి. జాతీయ యుద్ధ స్మారకం వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. స్వాతంత్ర్యం రాకముందు పోయినవాళ్ళు మాత్రం అక్కడ దొరకరు. బర్మా తాత కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ చూడు. రంగూన్‌కు ఉత్తరాన టాక్యన్‌లో, రెండో ప్రపంచ యుద్ధంలో పోయి సమాధి దొరకని సైనికుల పేర్లు దాదాపు 27,000 స్తంభాల మీద చెక్కారు, వాళ్ళలో ఎక్కువమంది మన దేశం వాళ్ళే. నాగాలాండ్ కోహిమాలో దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకు విడిగా స్మారకం ఉంది. వెతికేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగు ఒకటే పట్టుకుని కూర్చోకు. దొరలకు ఎలా వినపడితే అలా రాసుకున్నారు, వెంకయ్య నాలుగు రకాలుగా ఉంటాడు. చాలా రికార్డుల్లో తండ్రి పేరు, ఊరు, అప్పటి జిల్లా ఉంటాయి. మీది ఇప్పుడు ఏ జిల్లా అన్నది కాదు, అప్పుడు ఏ జిల్లాలో ఉండేదో ఆ పేరుతో చూడు. దొరికితే ఆ తాత మనవళ్ళు ఎక్కడున్నా ముందు వాళ్ళకు ఫోన్ చెయ్యి. ఆయన మంచం కోడు మీదో, ఇత్తడి చెంబు మీదో పేరు కొట్టించుకుని ఉండొచ్చు, అడుగు.

మీవాడి యూనిట్ పేరు, నంబరు తెలిశాక నాకు పంపు, రికార్డ్స్ ఆఫీసుకు దరఖాస్తు నేను రాసిపెడతాను, వాళ్ళమ్మ సంతకం పెడితే చాలు. 71లో పోయినాయన భార్య ఉందేమో కనుక్కున్నావా? ఉంటే ఆమెకు ఇప్పుడు డెబ్భై ఐదు దాటి ఉంటాయి. విగ్రహం ఆర్నెల్లు ఆగినా పరవాలేదు. ఆమె దగ్గరికి మాత్రం ఈ ఆదివారమే వెళ్ళు. ఫోన్లో రికార్డింగ్ పెట్టుకో, ఆమె ఒప్పుకుంటేనే. ఆయన ఆఖరిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఏం తెచ్చారని అడుగు.